పట్వారీ తల

రత్నం నాతో అన్న మొట్టమొదటి మాట, "ఆ పుల్ల నోట్లో పెట్టుకోకు బావా, అందులో పిల్లలున్నయి" అని.

ముందురోజు పొద్దుగూకే వేళ ఉప్పు పడవ మీద కూనవరం నుంచి కుంటకు వచ్చాను. తెల్లారి లేచి పళ్ళు తోముకుందామని పెరట్లోకి పోతే, చూరులో దోపిన వేపపుల్ల ఒకటి కనిపించింది. లాగి నోటిదాకా తెచ్చుకున్నాను. వెనకనుంచి ఆ మాట వినబడి ఆగి చూసుకుంటే, పుల్ల చివర నురుగు గడ్డకట్టి ఎండినట్టు బూడిదరంగు ముద్ద ఒకటి అంటుకుని ఉంది.

"ఏం పిల్లలు?" అన్నాను.

"గొల్లభామ పిల్లలు. ఇయ్యాలో రేపో బయటికొస్తయి. నీ నోట్లో పుడితే నేనేం చెయ్యాలె?"

తాగినవాడి చేతిలోంచి పసిబిడ్డను తీసుకున్నట్టు ఆ పుల్లను నా చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయింది. నేను వచ్చింది ఆ పిల్లను పెళ్ళాడదామని. అప్పటికి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం సరిగా చూసుకోనే లేదు.

బస్తరు ఇంకా రాజుగారి రాజ్యంగా ఉన్న రోజులవి. కుంట ఊళ్ళో శబరి నది ఒడ్డున మన తెలుగువాళ్ళ కొట్లు ఓ నాలుగు ఉండేవి, చుట్టూ అడవిలో దోర్లవాళ్ళ గూడేలు. అందులో ఉప్పు, బెల్లం, చింతపండు అమ్మే కొట్టు రామసుబ్బమ్మ అత్తది. ఆవిడ మా నాన్నకు వేలువిడిచిన చెల్లెలు. మా మామ పోయాక ఒక్క కూతురు రత్నాన్ని పెంచుతూ కొట్టు ఒంటిచేత్తో నడిపింది. తెలుగు, దోర్లీ, హల్బీ, హిందీ, ఏ భాషవాడొస్తే ఆ భాషలో బేరమాడేది. తిట్టాల్సివస్తే మాత్రం నాలుగూ కలిపేది.

అంతకుముందు ఏడు రత్నానికి చర్ల నుంచి ఒక సంబంధం వచ్చిందట. పిల్లవాడు కాఫీ తాగి, అమ్మాయికి ఏమేం వచ్చని అడిగాడు. రత్నం దాచుకోలేదు. పెరటి వసారాలోకి తీసుకెళ్ళి బుట్ట మీది పల్చటి గుడ్డ తీసి చూపించింది. సరిగ్గా ఆ వేళకు లోపల గొల్లభామల పెళ్ళి జరుగుతోంది. ఆడది మెడ వెనక్కి తిప్పి, మీదికెక్కిన మగదాని తల తింటోంది. తల పోయినా మగది కిందికి దిగలేదు, వచ్చిన పని మానలేదు. చర్ల పిల్లవాడు మంచినీళ్ళు అడిగాడు. చెంబు వచ్చేలోపల రేవుకు చేరుకున్నాడు. పడవ ఆగిన ప్రతి రేవులోనూ, కుంటలో ఒక ఇల్లుంది, అక్కడ ఆడది మగాణ్ణి తింటుంది అని చెప్పుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఎవరూ ఆ గడప తొక్కలేదు. రత్నానికి ఇరవై దాటాయి.

అత్త ఊరికే కూర్చునే మనిషి కాదు. దోర్లవాళ్ళ ఇళ్ళల్లో లమ్సేన పద్ధతి ఉంది. పెళ్ళాడదలచిన కుర్రాడు ముందు పిల్ల ఇంటికి వచ్చి, పొలం పనీ కట్టెల పనీ చేసి, అందరినీ మెప్పించుకుని, అప్పుడు పెళ్ళాడతాడు. కోమటి ఇళ్ళల్లో అలాంటిది కనీ వినీ ఎరగం. అయినా అత్తకు నచ్చింది. వానలు పడి శబరి పొంగిందంటే కిందికి పడవ పోదు, కాబోయే అల్లుడు పారిపోదామన్నా దారి ఉండదు. వానాకాలమంతా కొట్టులో పనిచెయ్యాలి, దసరా వెళ్ళాక మొదటి ఉప్పు పడవ వచ్చిననాడు రత్నం అవునంటే పెళ్ళి, కాదంటే అదే పడవ మీద ఇంటికి. ఇదీ కబురు. మా ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, చేసే పని తక్కువ కాబట్టి మా నాన్న ఒప్పుకున్నాడు. చర్ల పిల్లవాడి సంగతి నాకెవరూ చెప్పలేదు కాబట్టి నేను ఒప్పుకున్నాను.

తెలిసేసరికి శబరి నిండుగా పారుతోంది.

పుల్ల మీది ముద్ద పగిలిన పొద్దు రత్నం నన్ను కొట్టులోంచి పిలిచింది. సన్నటి దారాలకు వేలాడుతూ చీమంతేసి పిల్లలు గుంపులుగా దిగుతున్నాయి. దిగి, కాళ్ళు ఆరబెట్టుకుని, అంతలోనే ముందు చేతులు ముడిచి నమస్కారం పెట్టి నిలబడుతున్నాయి. "కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తింటయి. కొన్నిటినే పెంచుత, మిగిలినయి వదిలేస్త" అంటూ ఈక చివరతో ఒక్కొక్కదాన్నీ వేరే వెదురుగొట్టంలోకి ఎక్కించింది. ఆ వేళ్ళు అంత నెమ్మదిగా కదలడం చూస్తూ నేను కొట్టు సంగతి మరిచిపోయాను. అత్త నాలుగు భాషల్లో గుర్తుచేసింది.

అప్పటినుంచి నాకు రెండు కొలువులు. కొట్టులో ఉప్పు కొలవడం ఒకటి, బెల్లం దిమ్మెల మీద వాలే ఈగలు పట్టి వసారాకు చేరవెయ్యడం రెండోది. బెల్లం కొట్టులో ఈగలకు కరువేముంది. గొల్లభామలు తిని, కుబుసం విడిచి, తిని, మళ్ళీ విడిచి, వేలంత అయ్యాయి. గొట్టాల్లోంచి బుట్టల్లోకి మారాయి.

"వీటిల్లో ఏముందని ఇంత ప్రేమ?" అని ఒకరోజు అడిగాను.

"తల తిప్పి చూస్తది బావా. చీమ చూడదు, మిడత చూడదు. ఇది మనల్ని చూస్తది. నువ్వు అటు పో, ఇటు రా, చూడు."

అటూ ఇటూ తిరిగాను. ముక్కోణపు తల నాతోపాటే అటూ ఇటూ తిరిగింది. రత్నం నవ్వింది. గొల్లభామ నన్ను చూస్తోంది గానీ నేను రత్నాన్ని చూస్తున్నాను. ఆ నవ్వు చూశాక శబరి ఇంకో ఆరునెలలు తగ్గకపోయినా ఫరవాలేదనిపించింది.

భాద్రపదం వచ్చేసరికి పెద్ద ఆడది ఒకటి, రెక్కలొచ్చిన మగవి రెండు మిగిలాయి. ఆడదానికి పొట్ట బరువు, ఆకుపచ్చ ఒళ్ళు, నడకలో తొందర లేదు. రత్నం దాన్ని దొరసాని అనేది. మగవాటిలో హుషారైనది కోత్వాలు. సన్నగా, పొడుగ్గా, అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఒకటికి పదిసార్లు ఆలోచించేది పట్వారీ.

అప్పుడే అత్త కొట్టులో నన్ను దగ్గరికి పిలిచింది. "రామలింగం, ఆ బుట్టలు ఉన్నన్నాళ్ళు ఈ ఇంటికి పేరు పోయినట్టే. నువ్వు నా పక్కన ఉండు. అవి పోయిన మర్నాడు పెళ్ళి నేనే చేస్త" అంది.

నేను ఈగలు పట్టిన దొన్నె అందుకున్నాను. వసారాలోకి పోతే రత్నం బుట్ట సర్దుతూ, తల ఎత్తకుండానే అంది. "అమ్మ నీకేం చెప్పిందో నాకెరికే. నేనూ అమ్మా పందెం కట్టుకున్నం. ఈ ఏడు ఒక్క మగది తలతో బయటికొస్తే బుట్టలు ఉంటయి. రాకుంటే అమ్మే శబరిల వేస్తది."

"వేస్తే?"

"వేస్తే నేను ఎవ్వర్నీ చేసుకోను బావా. నువ్వని కాదు. ఎవ్వర్నీ."

మెల్లగానే అంది. ఆ క్షణాన తెలిసింది, రత్నం లేకుండా ఆ పడవ ఎక్కడం నావల్ల కాదని. పైగా నా పెళ్ళి ఒక పురుగు మెడ మీద ఆధారపడి ఉందని కూడా తెలిసింది.

కోత్వాలు ఆ మెడను ఎక్కువసేపు నిలుపుకోలేదు. బుట్టలో వదలగానే రెక్కలు విప్పుకుని, దొరసాని ఎదురుగా, తిన్నగా, దండోరా వేసేవాడి లాగా నడిచి వెళ్ళాడు. దొరసాని చేతులు ఒక్కసారి చాచింది. అంతే. పెళ్ళీ జరగలేదు, పేరంటమూ జరగలేదు. రెక్కలు మాత్రం బుట్ట అడుగున రాలాయి.

అత్త పీట మీదనుంచి లేచింది. గెలిచినదానిలా లేదు. "ఇంకొకడు ఉన్నడు గదా" అంది, గొంతు తగ్గించి. రత్నం బుట్ట అడుగునున్న రెక్కలు ఏరింది. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు బజారు రోజు. ఎదురింటి మంగ్లూ దగ్గర లమ్సేనగా ఉన్న ఆయతు, ఎండు ఇప్పపువ్వు బుట్ట దించి ఉప్పు అడిగాడు. ఆయతుకు మంగ్లూ కూతురు బుధ్రిని ఇస్తారని మాట. వచ్చినప్పుడల్లా నన్ను చూసి, మనిద్దరం ఒక్క కొలువోళ్ళం అని నవ్వేవాడు. నేను అలవాటుకొద్దీ ముందు ఒక బెల్లం ముక్క అతని చేతిలో పెట్టి, తర్వాత మానిక అందుకున్నాను.

అత్తకు అది ఎప్పుడూ ఒళ్ళుమంటే. "కొసరు కొలిచినాక ఇస్తరు. కొలవకముందే ఇచ్చేటోణ్ణి నిన్నే చూస్తన్న."

"కూనవరంలో మేం ఇట్టాగే ఇస్తం అత్తా. నోట్లో తీపి ఉన్నోడు తగాదా పెట్టుకోడు."

ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. ఆ రోజు మాత్రం నా మాట నాకే కొత్తగా వినబడింది. ఆయతు బుగ్గన బెల్లం పెట్టుకుని, నేను కొలిచేది చూడనుకూడా చూడకుండా వీధిలోకి చూస్తున్నాడు. మానిక అక్కడే పెట్టి వసారాలోకి పరుగెత్తాను.

"రత్నం, దొరసానికి ముందు తిండి పెడదాం."

"రోజూ పెడతనే ఉన్న గదా బావా."

"కడుపు నిండితే చాలదు. చేతులు నిండాలె. రెండు చేతుల్తో పట్టుకుని తినేంత పెద్దది ఇయ్యాలె. అది తింటా ఉన్నప్పుడు పట్వారీని వెనకనుంచి పంపుదాం. చేతులు ఖాళీగా ఉంటే గదా మెడ పట్టుకునేది."

రత్నం నన్ను చాలాసేపు చూసింది. గొల్లభామను చూసినట్టే చూసింది. నాకు భలే సంతోషమేసింది.

ఉప్పు కోసం వెనకాలే వచ్చిన ఆయతు మా మాటలు విని, "మిడత నేను తెస్త" అన్నాడు. "ఇంకోటి. తిన్నగా పోనియ్యొద్దు. నేను బుధ్రి కోసం మంగ్లూ ఇంట్లకు ఏనాడూ ముందునుంచి పోలే. కట్టెల మోపు ఎత్తుకుని వెనక దిక్కునుంచే పోత. బుధ్రి వాళ్ళమ్మ చూస్తే నిలబడత. చూపు తిప్పుకుంటే నడుస్త."

అనుకున్న పూట భోజనాలయ్యాక వసారాలో చేరాం. ఆయతు చేలోంచి తెచ్చిన మిడత బొటనవేలంత ఉంది, ఆకుదొన్నెలో తన్నుకుంటోంది. రత్నం దాన్ని కొమ్మ మీదికి జరిపింది. దొరసాని రెండు చేతులా పట్టుకుని తినడం మొదలుపెట్టింది. అత్త తన పీట వేసుకుని, పందెం చూడ్డానికి వచ్చానన్నట్టు చేతులు కట్టుకుని కూర్చుంది. కొట్టు తలుపులు దగ్గరికి వేసి వచ్చిందని మాలో ఎవరం పైకి అనలేదు.

రత్నం పట్వారీని కొమ్మ మొదట్లో వదిలింది. అతను కదలలేదు. వేపాకు రెమ్మలో రెమ్మలాగా నిలబడిపోయాడు. ఎంతసేపటికీ అంతే. నా చేతిలో విసనకర్ర ఉంటే ఊరికే ఒకసారి విసిరాను. ఆకులు ఊగాయి. పట్వారీ కూడా ఆకులాగే అటూ ఇటూ ఊగి, ఆ ఊపులో ఒక అడుగు వేశాడు. గాలి ఆగితే ఆగాడు. మళ్ళీ విసిరాను. మళ్ళీ అడుగు.

"నేనూ ఇట్లనే పోయిన. వాన దంచుతున్నప్పుడు" అని ఆయతు నా చెవిలో అన్నాడు.

ఒకసారి దొరసాని తల ఇటు తిప్పింది. పట్వారీ ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టుకుని నిలబడ్డాడు. మేమంతా కూడా అలాగే నిలబడ్డాం. ఆవిడ మళ్ళీ మిడత మీద పడింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా విసిరాను. చిట్టచివరికి పట్వారీ రెక్కలు విదిల్చి ఒక్క గంతేసి దొరసాని వీపు మీద వాలాడు. మీసాలతో ఆవిడ మెడను తడుతూ మెల్లగా సర్దుకున్నాడు. పొట్ట చివర వంచి జత కలిశాడు. రత్నం కళ్ళల్లో నీళ్ళు. నా పక్కనే ఉంది, తన చెయ్యి నా మోచేతిని పట్టుకుందని తనకే తెలియదు. నేను చెప్పలేదు.

గొల్లభామల పెళ్ళికి తొందర ఉండదు. ఎండ వసారా దాటి పెరట్లోకి దిగింది. లోపల మిడత తరిగిపోతోంది. ఆయతు ఇంకో మిడత కోసం పోయి రాలేదు. రెక్కలు పోయాయి, కాళ్ళు పోయాయి, ఆఖరి ముక్క కూడా పోయింది. దొరసాని చేతులు నాక్కుని శుభ్రం చేసుకుంది. ఖాళీ చేతులు ముడుచుకుంది. తర్వాత మెల్లగా మెడ వెనక్కి తిప్పింది.

రత్నం చేతిలో ఏమీ లేదు. నా దగ్గర విసనకర్ర తప్ప ఏమీ లేదు. ఈగ కోసం కొట్టులోకి పోయి వచ్చేంత వ్యవధి లేదు.

అత్త లేచింది. బుట్ట తీసుకోవడానికే లేచిందనుకున్నాను. ఆవిడ పక్కగదిలో చింతపండు బస్తాల దగ్గరికి వెళ్ళి, వంగి, ఏదో వెతికి వచ్చింది. మీసాలు పట్టుకుని ఒక బొద్దింకను వేలాడదీసుకుని వచ్చింది. చీపురు లేకుండా బొద్దింక దగ్గరికి కూడా పోని మనిషి. ముఖం పక్కకు తిప్పుకుని, గుడ్డ కింద చెయ్యి పెట్టి, దాన్ని దొరసాని ఎదుట పెట్టింది. దొరసాని మెడ ఇటు తిరిగింది. రెండు చేతులా అందుకుంది.

"కొసరు" అంది అత్త, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ. మళ్ళీ పీట మీద కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు పట్వారీ విడిపడి, ఎగిరి, కొట్టులోకి పోయి తక్కెడ దండె మీద వాలాడు. ముగ్గురం వెనకాలే వెళ్ళాం. తల తిప్పి మమ్మల్ని చూశాడు. తల ఉంది. అప్పుడే తలుపు తట్టి, బెల్లం తూచమని ఎవరో అడిగారు.

"రేపు రా పో. తక్కెడ ఖాళీ లేదు" అంది అత్త.

దసరా వెళ్ళింది. దొరసాని ఒక పొద్దున వేపపుల్లను తలకిందులుగా పట్టుకుని, కొద్దికొద్దిగా నురుగు విడుస్తూ గుడ్లు పెట్టింది. సాయంత్రానికి అది బూడిదరంగు ముద్దగా గట్టిపడింది. శబరి తగ్గి ఇసుక తేలింది. ఆ వారంలోనే కూనవరం నుంచి ఉప్పు పడవ వచ్చింది.

రేవులో బస్తాలు దిగుతున్నాయి. నేను నా పెట్టె కూడా తెచ్చుకున్నాను, ఎందుకంటే మాట మాటే. రత్నం ఇంకా రాలేదు. పందెం గెలిచింది, బుట్టలు మిగిలాయి, ఇక నాతో తనకు పనేమిటని ఆ దారిలో నడుస్తూ అనుకుంటూనే ఉన్నాను. అత్త పడవ సరంగుతో ఉప్పు బేరం మొదలుపెట్టింది. మొదలుపెట్టేముందు కొంగులోంచి బెల్లం ముక్క తీసి అతని చేతిలో పెట్టడం నేను చూశాను. నేను చూశానని ఆవిడా చూసింది, చూడనట్టు ఊరుకుంది.

అప్పుడు వచ్చింది రత్నం, మెట్ల మీదుగా, జాగ్రత్తగా, ఏదో కొంగు చాటున పెట్టుకుని.

"ఏమంటవే? పడవ ఆగదు" అంది అత్త.

రత్నం వాళ్ళమ్మ పక్కనుంచి నడిచింది. నా ఎదుటికి వచ్చి, "బావా, చేతులు పట్టు" అంది. పెట్టె కింద పెట్టి రెండు చేతులూ పట్టాను. కొంగు తీసి గుడ్ల వేపపుల్లను నా అరచేతుల్లో పెట్టింది. నా వేళ్ళను ఒక్కొక్కటిగా దాని చుట్టూ మూసింది.

"ఈసారి పళ్ళు తోముకోకు" అంది.

సరంగు బెల్లం బుగ్గన పెట్టుకుని, గెడ అందుకుంటూ నన్ను అడిగాడు. "ఏంది అబ్బాయిగారూ, ఎక్కుతరా లేదా? పడవ తిప్పుతన్న."

"ఎట్టా ఎక్కేది" అన్నాను. "నా చేతులు ఖాళీ లేవు."